గంధం చెట్టుకూ గోత్రం చూడాలి!

శ్రీగంధం నాటితే పదిహేనేళ్లకు కోట్లు... ఊరూరా ఇదే మాట. కానీ నాటే మొక్క ఏ చెట్టు బిడ్డో, దాని చుట్టాలెవరో నాటేవాళ్లకు తెలీదు, అమ్మేవాళ్లకూ తెలీదు. మానులో చేవ పట్టేదాకా ఆగి చూడటం తప్ప దారి లేదా? ఆకుముక్కలోని డీఎన్‌ఏతో చెట్ల చుట్టరికాలు తేల్చే పరిశోధనలు కొంత దారి చూపిస్తున్నాయి.

గౌలిగూడ రామమందిరం దగ్గర హనుమజ్జయంతి యాత్ర బయల్దేరే రోజున ఆ చుట్టుపక్కల గాలంతా సింధూరం, గంధం, అగరుబత్తుల వాసనే. ఆ ఒక్కరోజే కాదు... 2018 జులైలో కుప్పకూలిన పాత బస్టాండు రేకుల షెడ్డు ఉన్న చోటు నుంచి బేగంబజారు వైపు నాలుగడుగులు వేస్తే ఏ రోజైనా పూజాసామగ్రి దుకాణాలు కనిపిస్తాయి. గంధం పొడి పది రూపాయలకూ దొరుకుతుంది, వందలు పెట్టినా దొరుకుతుంది. రెండు పొట్లాల మీదా ఉండే పేరు మాత్రం ఒకటే: చందనం.

అసలైన గంధం చేవ కిలో ధర వేల రూపాయల్లో ఉంది. కాబట్టి పది రూపాయల పొట్లంలో ఏముంటుందో లెక్కలు రాని వాళ్లకూ అర్థమవుతుంది. ఏదో కొయ్యపొడి, దానికి కాస్త సెంటు. నూనె సంగతైతే పరీక్ష ఉంది. అసలైన గంధం నూనెలో ఆల్ఫా శాంటలాల్ 41 నుంచి 55 శాతం, బీటా శాంటలాల్ 16 నుంచి 24 శాతం ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. ఆ రెండూ తగ్గితే కల్తీ అని అనుమానించాల్సిందే.

ఇక్కడిదాకా కొనేవాళ్ల బాధ. గంధం పండించేవాళ్ల బాధ వేరే ఉంది, అది ఇంతకంటే పెద్దది. వాళ్లకు ఎదురయ్యే ప్రశ్న ‘ఇది గంధమేనా’ అని కాదు. ‘ఇది ఎలాంటి గంధం?’ అని. దానికి నూనె పరీక్ష పనికిరాదు. ఎందుకంటే పరీక్షించడానికి నూనె ఉండాలి, నూనె ఉండాలంటే చెట్టుకు చేవ పట్టాలి, చేవ పట్టాలంటే పదిహేనేళ్లు ఆగాలి!

పాప ఒకటో తరగతిలో ఉండగా...

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కొన్నేళ్లుగా శ్రీగంధం తోటలు పెరుగుతున్నాయి. వర్షాధారం భూములున్న రైతులు, ఉద్యోగం చేస్తూ ఊళ్లో రెండెకరాలు కొనుక్కున్నవాళ్లు వీటి మీద మొగ్గు చూపుతున్నారు. ఎకరానికి మూడు నాలుగొందల మొక్కలు, డ్రిప్పు, కంచె. చెట్టు ముదిరేకొద్దీ రాత్రి కాపలా. పదేళ్లు దాటితేగానీ చేవ చెప్పుకోదగ్గట్టు ఉండదు. బాగా పట్టాలంటే పదిహేను, ఇరవై ఏళ్లు. పాపను ఒకటో తరగతిలో వేసిన ఏడాది మొక్క పెడితే ఆ పాప ఇంజినీరింగ్ పూర్తయ్యేనాటికి చెట్టు చేతికొస్తుందన్నమాట. పెళ్లికి పనికొస్తుందన్న ఆశతోనే పెట్టేవాళ్లు ఎందరో.

చిక్కేమిటంటే... ఒకే తోటలో, ఒకే రోజు నాటి, ఒకే నీళ్లు పోసి పెంచిన రెండు చెట్లను కొడితే ఒకదాంట్లో చేతిమందం చేవ, పక్కదాంట్లో వేలెడు కూడా ఉండకపోవచ్చు. బయటికి రెండూ పచ్చగానే ఉంటాయి. కాండం లావు చూసి లోపలి చేవను చెప్పలేం. వాసనా, ధరా అంతా చేవలోనే ఉన్నాయి. పైనున్న తెల్ల కర్రకు పెద్దగా విలువలేదు.

ఈ తేడా కొంత నేల వల్ల, నీటి వల్ల. కొంత పక్కనున్న చెట్టు వల్ల. గంధం సగం పరాన్నజీవి మరి. ఆకులతో సొంతంగా వండుకుంటుంది గానీ నీటికీ, లవణాలకూ పక్క చెట్ల వేళ్లను పట్టుకుని పీల్చుకుంటుంది. అందుకే నర్సరీ సంచిలోనే దాని పక్కన కంది మొక్క పెడతారు. తోటలో సరుగుడు, కానుగ, మునగ లాంటివి తోడు వేస్తారు. ఇక మిగిలిన తేడా మాత్రం పుట్టుకతో వచ్చింది. తల్లి చెట్టు ఎలాంటిదో, తండ్రి చెట్టు ఎలాంటిదో దాన్నిబట్టి వచ్చేది. దాన్నే శాస్త్రవేత్తలు జన్యు వైవిధ్యం అంటారు.

మంచివే ముందు పోయాయి

గంధం చరిత్రంతా నరుకుడు చరిత్రే. 1792లో టిప్పు సుల్తాన్ దాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. ఎవరి పొలంలో మొలిచినా చెట్టు రాజుదే. తర్వాత మైసూరు మహారాజులు, ఆ తర్వాత ప్రభుత్వాలు అదే పద్ధతి కొనసాగించాయి. సొంత పొలంలో మొలిచిన చెట్టు తనది కాదంటే రైతు ఎందుకు పెంచుతాడు? మొలకలోనే పీకేసేవాడు. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టాలు మార్చి చెట్టు భూమి యజమానిదేనని ఒప్పుకున్నాయి. మన దగ్గర 1969 నాటి శ్రీగంధం, ఎర్రచందనం రవాణా నిబంధనలున్నాయి. పెంచుకోవచ్చు, కానీ కలప తరలించాలంటే అటవీశాఖ కాగితం ఉండాలి.

ఈలోగా అడవుల్లో జరగాల్సిన నష్టం జరిగిపోయింది. బాగా చేవపట్టిన చెట్టే కాంట్రాక్టరు కంటికీ, దొంగ కంటికీ ముందు పడుతుంది. అలా తరతరాలుగా మంచి చెట్లు ముందు పోయి, పనికిరావని వదిలేసినవి విత్తనానికి మిగిలాయి. వరిలోనో జొన్నలోనో రైతు మంచి కంకిని విత్తనానికి దాచుకుంటాడు. గంధం విషయంలో దానికి పూర్తిగా ఎదురు జరిగింది! అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 1998లోనే దీన్ని ముప్పున్న చెట్ల జాబితాలో చేర్చింది.

తెగులు సంగతి మరోటి. 1899లో కొడగులో మొదటిసారి కనిపించింది ‘స్పైక్’ తెగులు. ఆకులు చిన్నవైపోయి, ముళ్లలా నిక్కపొడుచుకుంటాయి. పూత ఆగిపోతుంది. రెండు మూడేళ్లలో చెట్టు చచ్చిపోతుంది. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి దీనికి కారణం, పురుగుల ద్వారా వ్యాపిస్తుంది. 1907లో దీనికి మందు కనిపెట్టినవాళ్లకు పదివేల రూపాయలు ఇస్తామని మైసూరు మహారాజు ప్రకటించారు. ఆ రోజుల్లో పదివేలంటే మాటలా? అయినా ఆ బహుమతికి తగిన మందు దొరకలేదు. తోటలో చెట్లన్నీ ఒకే తల్లి పిల్లలైతే, ఒకదాన్ని కొట్టిన తెగులు అన్నింటినీ కొట్టే ప్రమాదం ఎక్కువ. రకరకాల చెట్లుంటే ఏ ఒకటో రెండో తట్టుకునే అవకాశం ఉంటుంది. వైవిధ్యం అవసరం ఇక్కడ తెలుస్తుంది.

బాస్మతి నేర్పిన పాఠం

చెట్ల చుట్టరికాలు చూసే పని గౌలిగూడ వాళ్లకు మరీ దూరపు సంగతేం కాదు. అక్కణ్నుంచి మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లి నడిచి వెళ్లేంత దూరం. డీఎన్‌ఏ వేలిముద్రల కేంద్రం... అదే సీడీఎఫ్‌డీ, ఉప్పల్‌కు మారకముందు కొన్నేళ్లు నాంపల్లి గృహకల్ప, తుల్జాగూడ కాంప్లెక్స్‌లలోనే నడిచింది. డీఎన్‌ఏ అనగానే నేరాలు, పితృత్వ కేసులే గుర్తొస్తాయి. కానీ అదే సంస్థలో జె.నాగరాజు బృందం 2002లో అసలు బాస్మతికీ, బాస్మతి పేరుతో అమ్మే మిగతా బియ్యానికీ తేడాను డీఎన్‌ఏ గుర్తులతో తేల్చే పరిశోధన ప్రచురించింది. గింజ పొడవూ, వాసనా చూసి మోసపోవచ్చు. గింజలోని డీఎన్‌ఏను ఎవరూ మార్చలేరు కదా! విదేశాలకు వెళ్లే బాస్మతిలో కల్తీ పట్టేందుకు తర్వాత అక్కడే ప్రత్యేక కేంద్రం వెలిసింది.

గంధం చెట్లకు వాడే పద్ధతీ అదే. లేత ఆకులు నాలుగు కోసి, తేమ పీల్చే సిలికా గింజల మధ్య సంచిలో పెట్టి, మీద చెట్టు నంబరు రాస్తారు. ప్రయోగశాలలో మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పోసి రోట్లో నూరినట్టు పొడిచేస్తారు. రసాయనాలతో కడిగి డీఎన్‌ఏను విడదీస్తారు. చెప్పినంత తేలిక కాదిది. ఇలాంటి చెట్ల ఆకుల్లో జిగురు పదార్థాలు, వగరు పదార్థాలు ఎక్కువ. అవి డీఎన్‌ఏను అంటుకుని వదలవు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కె.పద్మలత, ఎం.ఎన్.వి.ప్రసాద్ 2006లో ప్రచురించిన పరిశోధన అచ్చంగా ఈ తలనొప్పి మీదే. దక్షిణాది ఔషధ, సుగంధ మొక్కల నుంచి శుభ్రమైన డీఎన్‌ఏ తీయడం ఎలా అని. ఆ మరుసటేడు వాళ్లు ఎర్రచందనంలో జన్యు వైవిధ్యం మీదా పరిశోధన ప్రచురించారు.

(అన్నట్టు, ఎర్రచందనానికీ శ్రీగంధానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. శేషాచలం ఎర్రచందనం చిక్కుడు, కందిలాంటి కాయజాతి చెట్టు. దానికి రంగే తప్ప గంధం వాసన ఉండదు. పెంచే రైతులు కూడా రెంటినీ కలిపి మాట్లాడేస్తుంటారు.)

గుర్తులంటే ఏమిటి?

డీఎన్‌ఏ అనేది నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి పుస్తకం. ఒకే జాతి చెట్లలో ఎక్కువ పేజీలు ఒకేలా ఉంటాయి. కొన్ని చోట్ల మాత్రం ఒకే రెండక్షరాలు నత్తి మాట్లాడినట్టు మళ్లీ మళ్లీ వస్తాయి. ఏజీ ఏజీ ఏజీ ఏజీ... ఇలా. ఒక చెట్టులో ఎనిమిదిసార్లు, ఇంకో చెట్టులో పదకొండుసార్లు. వీటినే మైక్రోశాటిలైట్లు అంటారు. ఒక్కో చోట తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. అలాంటివి పది పదిహేను చోట్ల చూస్తే ఏది ఏ చెట్టు బిడ్డో, ఎవరికి ఎవరు దగ్గరో బయటపడుతుంది. ఇంటిపేరు, గోత్రం, మేనమామ ఊరు అడిగి చుట్టరికం తేల్చినట్టే.

ఆ చిన్న ముక్కల్ని కంటికి కనిపించేటంత పెంచేది పీసీఆర్ యంత్రం. వేడిచేసి, చల్లార్చి, మళ్లీ వేడిచేసి... ఒక్కో తడవకు ఒకటి రెండవుతుంది. ముప్పై తడవలకు వంద కోట్లు దాటుతుంది. అప్పుడు వాటిని జెల్‌లో పరిగెత్తిస్తే చిన్న ముక్కలు ముందుకు, పెద్దవి వెనక్కు. అతినీలలోహిత కాంతిలో అడ్డగీతల్లా మెరుస్తాయి. ఆ గీతలే చెట్టు జాతకం.

గంధం మీద ఈ పని ఒక్కసారిగా ఇక్కడికి రాలేదు. మొదట ఎంజైముల తేడాలు చూశారు. కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు 2003లో అయిదు ప్రాంతాల గంధాన్ని అలాగే పోల్చారు. అదే ఏడాది బెంగళూరు పరిశోధకులు ఆర్ఏపీడీ అనే డీఎన్‌ఏ పద్ధతితో, సేకరించిన చెట్లలో వైవిధ్యమంతా ప్రతిబింబించేలా కొన్నింటిని ఏరి ‘మూల సేకరణ’గా పెట్టుకోవచ్చని చూపారు. ఆర్ఏపీడీ చౌక, త్వరగా అయిపోతుంది. కానీ ఈ ల్యాబులో వచ్చిన గీత ఆ ల్యాబులో రాకపోవచ్చు. అందుకే తర్వాత అందరూ మైక్రోశాటిలైట్ల వైపు వెళ్లారు. 2007లో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు దక్షిణ భారతంలో గంధానికి ముప్పు ఎక్కడెంత, వైవిధ్యం ఎక్కడెంత అని పటాలు గీశారు. ఎక్కడ అడవిని అలాగే కాపాడితే ఎక్కువ రకాలు మిగులుతాయో తెలియడానికి.

233 చెట్లు... 19 గుంపులు!

అన్నింటికంటే ఆలోచించాల్సిన కథ ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడి వాయవ్య మూల, కునునుర్రా అనే ఊళ్లో మన గంధాన్నే పెద్దయెత్తున తోటలుగా వేశారు. మేలైన విత్తనం కోసం ముందే ఒక వనంలో చెట్లు సేకరించి పెట్టుకున్నారు. వాటిలో 233 చెట్లను డీఎన్‌ఏ గుర్తులతో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. 233 చెట్లూ కలిపి తేలిన రకాలు పంతొమ్మిదే! ఒక్క గుంపులోనే 56 చెట్లు. కొన్ని గుంపులకైతే ఒక్కటే చెట్టు. చూడటానికి వనం, నిజానికి కొద్ది కుటుంబాలు. వాటి మధ్యే విత్తనం కడుతూ పోతే మేనరికాల మీద మేనరికాలన్నమాట. మనుషుల్లో దాని ఫలితాలు తెలుగు ఇళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెట్లలోనూ మొలక తగ్గడం, గిడసబారడం లాంటివే.

అదే పరిశోధనలో ఇంకో సంగతి ఉంది. దాన్ని దాటవేయకూడదు. ఒకే గుంపు చెట్లలో కూడా నూనె దిగుబడి ఒకేలా లేదు. అదే నేల, అదే వాతావరణం, అదే రక్తం... అయినా ఎక్కువ తక్కువలే. కాబట్టి ఈ గుర్తులు చుట్టరికం చెబుతాయి గానీ ‘ఈ మొక్కకు ఇన్ని కిలోల చేవ పడుతుంది’ అని చెప్పవు. ‘డీఎన్‌ఏ పరీక్ష చేసిన మొక్క, దిగుబడి గ్యారంటీ’ అని ఎవరైనా అమ్మితే నమ్మాల్సిన పనిలేదు.

వేరు పిలకల సంగతి కూడా చెప్పుకోవాలి. గంధానికి వేళ్ల నుంచి పిలకలు వస్తాయి. అడవిలో పది చెట్లు గుంపుగా కనిపిస్తే పదీ ఒకే చెట్టు కావచ్చు. ఆస్ట్రేలియాలోనే, విక్టోరియా రాష్ట్రంలో మిగిలిపోయిన మరో గంధం జాతి చెట్ల గుంపులను 2000లో పరిశోధకులు పరిశీలించారు. చాలావరకు వేరు పిలకలతో పెరిగిన ఒకే మూలం చెట్లని తేలింది. విత్తనం కట్టడమే ఆగిపోయింది. గంధంలో సాధారణంగా తన పుప్పొడి తనకు పనికిరాదు. పరాయి చెట్టు కావాలి. చుట్టూ ఉన్నవన్నీ తనే అయితే పరాయి ఎక్కణ్నుంచి వస్తుంది?

అసలు మన గంధం మనదేనా అన్న అనుమానాన్నీ ఈ గుర్తులే లేపాయి. అర్థశాస్త్రంలో చందనాల జాబితా ఉంది. సింహాచలం అప్పన్న ఏడాది పొడవునా చందనం పూతలోనే ఉండి అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపం చూపిస్తాడు. ఇంతగా మనలో కలిసిపోయిన చెట్టు. కానీ 2007లో ప్రపంచంలోని గంధం జాతులన్నింటి డీఎన్‌ఏ పోల్చిన అమెరికా పరిశోధకులు వీటి పుట్టినిల్లు ఆస్ట్రేలియా ప్రాంతమని తేల్చారు. అక్కణ్నుంచి పిట్టల ద్వారానో, మనుషుల ద్వారానో సముద్రాలు దాటి ఉండొచ్చు. ఎప్పుడు, ఎలా అన్న వాదన ఇంకా తెగలేదు. రెండువేల ఏళ్లకు పైగా కాపురం చేస్తున్న చెట్టును పరాయిదనడానికి నోరెలా వస్తుందిలెండి!

పుస్తకం మొత్తం చదివాక...

2018లో బెంగళూరు శాస్త్రవేత్తల బృందం శ్రీగంధం జన్యు పుస్తకం మొత్తాన్ని చదివి ప్రచురించింది. దాదాపు 22 కోట్ల అక్షరాలు, 38 వేలకు పైగా జన్యువులు. మనిషి పుస్తకం మూడొందల కోట్ల అక్షరాలు. జన్యువులు మాత్రం ఇరవై వేల చిల్లరే. ఆ మరుసటేడు కోయంబత్తూరులోని అటవీ జన్యు సంస్థ మరో ముసాయిదా తెచ్చింది. శాంటలాల్ తయారీలో ఏ ఎంజైము ఏం చేస్తుందో ఇప్పటికే చాలావరకు తెలుసు. ఇక ఆ జన్యువుల దగ్గర్లోనే ఉన్న గుర్తుల్ని పట్టుకుని, నూనె ఎక్కువున్న చెట్లతో సరిపోల్చే పని సాగుతోంది. అది కుదిరితే నర్సరీ సంచిలో ఉండగానే మొక్క గుణం అంచనా వేయొచ్చు. ఇంకా ఆ రోజు రాలేదు.

దొంగల సంగతికీ ఈ గుర్తులు పనికొస్తాయి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు నుంచి కూడా గంధం చెట్లు కొట్టుకుపోయారు. దొరికిన దుంగ ఆ మొద్దుదేనని నిరూపించడమే పోలీసులకు కష్టం. 2021లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో అడవి నుంచి దొంగిలించిన మేపుల్ కలప కేసులో మిగిలిన మొద్దు డీఎన్‌ఏ, అమ్మిన కలప డీఎన్‌ఏ ఒకటేనని కోర్టులో చూపించారు. గంధంలో ఇది కాస్త కష్టం. ఖరీదైనది చేవ, చేవలో కణాలన్నీ చనిపోయినవే, అందులో డీఎన్‌ఏ ముక్కలై ఉంటుంది. తెల్ల కర్ర కొంచెం అంటుకుని ఉన్న దుంగ దొరికితే పని సులువు. అయితే పోల్చడానికి ముందే చెట్ల డీఎన్‌ఏ వివరాలు ఉండాలి. మనిషికి ఆధార్ ఉన్నట్టు చెట్టుకూ ఒక రికార్డు.

ఇవన్నీ ప్రయోగశాలల సంగతులు. రేపు వానాకాలంలో మొక్కలు తెచ్చుకోబోయే రైతుకు వీటితో పనేమిటి? ఉంది. బెంగళూరులోని కలప పరిశోధన సంస్థ... ఐడబ్ల్యూఎస్‌టీ, గొట్టిపుర దగ్గర రకరకాల ప్రాంతాల నుంచి ఎంపికచేసిన గంధం చెట్ల అంట్లను ఒక బ్యాంకుగా పెంచింది. హైదరాబాద్ శివారు దూలపల్లిలో ఒకప్పటి అటవీ పరిశోధన కేంద్రం 2012 నుంచి అటవీ జీవవైవిధ్య సంస్థగా పనిచేస్తోంది. విత్తనం విషయంలో సలహా అడగడానికి ఇలాంటి చోట్లున్నాయి. నర్సరీకి వెళ్లినప్పుడు మొక్క ఎత్తూ, ధరా అడిగి ఊరుకోకుండా ఇంకో మాట అడగొచ్చు: విత్తనం ఎన్ని తల్లిచెట్ల నుంచి సేకరించారు, అవి ఎంతెంత దూరంలో ఉన్నాయి? రోడ్డు పక్కనున్న రెండు చెట్ల కింద ఊడ్చుకొచ్చిన కాయలైతే ఎకరమంతా అన్నదమ్ములే. వీలైతే రెండు మూడు చోట్ల నుంచి మొక్కలు తెచ్చి కలిపి నాటడం మేలు. ఏ వరుసలో ఏ నర్సరీ మొక్క పెట్టారో ఒక నోటుబుక్కులో రాసి ఉంచితే, పదిహేనేళ్ల తర్వాత ఏ విత్తనానికి చేవ పట్టిందో తెలిసేది ఆ పుస్తకం వల్లే. దానికి డీఎన్‌ఏ ల్యాబు కూడా అక్కర్లేదు.